టీ డబ్బా ఉండే చోటు

హలో… ఆ, నేనే. చెప్పరా చిన్నోడా.

షాపులోనే ఉన్నా. పరవాలేదు, మాట్లాడు. ఓనరు భోజనానికి వెళ్ళాడు, బేరాలు కూడా లేవు. ఈ వేళప్పుడు మందుల షాపుకి ఎవరొస్తారు, దగ్గొచ్చినవాళ్ళు తప్ప.

నువ్వు చేస్తావని ఆదివారం నుంచీ ఎదురుచూస్తున్నా తెలుసా. "అక్కా, వంటిల్లు అద్దంలా ఉంది" అని ఒక్క మాట అనడానికి ఇన్నాళ్ళా?… ఆ?… ఉందా లేదా, ముందది చెప్పు.

… ఆ, అలా రా దారికి. అద్దంలా ఉండక ఏమవుతుంది! నా నడుం ఇంకా నిలబడలేదు. పొద్దున స్టూలెక్కినదాన్ని సాయంత్రం దిగాను. మీ ఆవిడ కిందనుంచి సీసాలు అందిస్తూనే ఉంది పాపం, నోట్లో నాలుక లేని పిల్ల.

అయినా అదేం వంటిల్లురా… ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు గుమ్మం బయటి నుంచి మాట్లాడాలి. అందులో ఆ డబ్బాలేంటి! కాకి గూడు నయం. బిస్కెట్ల డబ్బాలో ఉప్పు. పాలపొడి డబ్బాలో కారం. చాక్లెట్ల డబ్బాలో టీ పొడి. ఆ టీ డబ్బా మూత ఒకటి, తీస్తే చాలు, పిల్లి తోక తొక్కినట్టు కీచుమంటుంది. మా షాపులో అలా ఉంటే ఓనరు నన్ను ఆ పూటే ఇంటికి పంపిస్తాడు. తలనొప్పికి బిళ్ళ అడిగితే విరేచనాలకి ఇచ్చి కూర్చుంటాం.

… ఆ, అదే కదా చెప్తున్నా. అందుకే అన్నీ ఒకే రకం సీసాలు కొనుక్కొచ్చాను, లోపల ఏముందో పైకి కనిపించేట్టు. షాపులో పెట్టుకున్నట్టే అక్షరాల వరుస. ఉప్పు, కారం, టీ పొడి, పంచదార, మిరియాలు… పాత సరుకు ముందు, కొత్తది వెనక. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. అమ్మకి చూపు సరిగ్గా ఆనట్లేదన్నావని చీటీలు ఎంత పెద్ద అక్షరాలతో రాశానో చూశావా? వీధిలోంచి కనిపిస్తాయి.

… …

ఏంట్రా, అలా ఉన్నావు? గొంతేంటి… జలుబు చేసిందా?

ఒక్క నిమిషం, లైన్లో ఉండు — ఆ, చెప్పండి. దగ్గు మందా? పొడి దగ్గా, కఫం పడుతోందా?… మీకేనా?… ఇదిగోండి. రెండు పూటలా, తిన్నాక. మత్తుగా ఉంటుంది, బండి నడపకండి. చిల్లర లేదా, సరే రేపివ్వండి — ఆ, చెప్పరా. చెప్పాను కదా, దగ్గువాళ్ళే వస్తారని.

… అమ్మ టీ పెట్టట్లేదా?

దానికేముంది, మీ ఆవిడ పెడుతుంది. ఎన్నాళ్ళని పెడుతుంది అమ్మ మాత్రం. … ఊఁ. … ఊఁ. … సోమవారం నుంచా? ఎందుకని అడిగావా?

… నిలబడిందా. ఎక్కడ?… స్టవ్ ముందు. సరే, నిలబడి?

… చెయ్యి చాపిందా… కుడిపక్కకి… అక్కడ ఏముందిరా ఇప్పుడు, ఏమీ లేదు కదా. స్టవ్ పక్కన డబ్బాలు పెడితే జిడ్డు పడుతుందని నేనే ఖాళీ చేసి తోమాను, ఎన్నేళ్ళ జిడ్డో…

… మళ్ళీ చాపిందా.

… గోడ తడిమిందా? గోడెందుకు తడిమింది?

… సరే… తర్వాత?… సీసాలన్నీ దించి మూతలు తీసి వాసన చూసిందా! ఎందుకురా వాసన, చీటీ ఉంది కదా! "టీ పొడి" అని అరచేతంత అక్షరాలు. దాని ముందే నిలబడి…

… ఏంటి?

… చదవలేకపోవడమేంటి! పొద్దున్నే పేపరు చేతిలో ఉంటుంది కదా ఆవిడకి. నేనొచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. … పట్టుకుని కూర్చుంటుందా. అంతేనా? … అక్షరాలు పలుకుతుంది కానీ… మాట కూడట్లేదా.

… ఎప్పటి నుంచి?

… అప్పటి నుంచా! మరి నాకు చెప్పలేదేంరా? నేను పరాయిదాన్నా? "ఏదో వయసు మరుపు అక్కా, కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోతోంది" అన్నావు నాతో. … కంగారు పడతాననా! పడనీ! కంగారు పడటానికి కాకపోతే అక్కనెందుకయ్యాను నీకు?

… తెలుసు. అమ్మ మరుపుకి డాక్టరు రాసిన ఆ బిళ్ళలు ఎందుకిస్తారో నాకు తెలీదా? నా చేత్తోనే కదా నెలనెలా కట్టి పంపిస్తున్నాను. ఎంతమందికి ఇస్తాను రోజూ. అమ్మది ఇంకా మొదట్లోనే ఉందనుకున్నా. అందరి సంగతీ తెలుసు, మన ఇంటి సంగతి దగ్గరకొచ్చేసరికి…

కాదురా, నువ్వు నా మాట విను. ఆదివారం నేను రాగానే నాకు టీ పెట్టి ఇచ్చింది. సామాను దించక ముందు. గుమ్మంలో నిలబడి కళ్ళారా చూశాను. కిటికీలోంచి ఎదురు డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తూ, ఇటు చూడకుండానే డబ్బా అందుకుంది. చెయ్యి తడబడలేదు, చుక్క ఒలకలేదు. నాకు పంచదార ఎక్కువ కావాలని కూడా నేను చెప్పలేదు, తనే వేసింది. బాగానే ఉందని అనుకోనా మరి? ప్రతిసారీ అంతే కదా. వస్తాను, టీ ఇస్తుంది, తాగుతాను, అమ్మ బానే ఉంది అనుకుంటాను, బస్సెక్కుతాను.

… …

ఏమన్నావు? మళ్ళీ చెప్పు.

… అక్కడ ఒక్కచోటే బాగుండేదా.

… …

ఉన్నానురా. వింటున్నా. చెప్పు.

… హాల్లో కూర్చుంటే నువ్వెవరో తెలీదు… ఊఁ… వంటింట్లోకి వెళ్తే తెలుస్తుందా. స్టవ్ ముందు నిలబడి "చిన్నోడా, టీ కావాలా" అని పేరు పెట్టి పిలిచేదా. … అందుకే మీరిద్దరూ అక్కడ చెంచా కూడా కదపలేదా ఇన్నాళ్ళూ. ఆవిడ చేతికి తెలుసనీ… ఆవిడకి తెలియకపోయినా చేతికి తెలుసనీ.

అయ్యో… అయ్యో చిన్నోడా.

మరి నేను స్టూలెక్కుతుంటే కాళ్ళు పట్టుకుని లాగెయ్యకపోయావా! నువ్వంటే డ్యూటీకి పోయావు. మీ ఆవిడ అక్కడే ఉంది కదా, నోరు విప్పి ఒక్క మాట అనుంటే…

… అందా? ఏమంది?

… "వదినా, ఇవి ఇలాగే ఉంచుదామా" అని.

… అంది. అవును, అంది. నేనే… "నీకు తెలీదు, నువ్వు పక్కకి జరుగు" అన్నాను. సాయంత్రం దాకా ఇంకో మాట మాట్లాడలేదు ఆ పిల్ల. అలసిపోయిందనుకున్నాను.

… ఇంకా ఉందా? ఇవాళేమైంది?

… చెప్పులు వేసుకుందా. ఎక్కడికని? … "మీ ఇల్లు బాగుందమ్మా, నేను మా ఇంటికెళ్తాను, పొయ్యి మీద నీళ్ళు పెట్టొచ్చాను" అందా? మీ ఆవిడతోనా? మెట్లు దిగి వెళ్ళిపోయిందా! మీ ఆవిడ ఏం చేస్తోంది?… స్నానాల గదిలోంచి విందా, బయటికొచ్చేసరికి లేదా… ఊఁ. … కింద కొట్లో టైలరు చూశాడా. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడా. అతనికి పుణ్యముంటుంది. రోడ్డు మీదకి వెళ్ళుంటే… ఆ మలుపులో బస్సులు…

ఇప్పుడెక్కడుంది? … పడుకుందా. ఏమైనా తిందా? … పోన్లే. లేపకు.

… ఏడవట్లేదు. నువ్వు ఏడవకు ముందు. మగపిల్లాడివి అని కాదురా… నువ్వేడిస్తే నాకేం చేయాలో తోచదు, చిన్నప్పటి నుంచీ అంతే.

సరే. సరే, చూడు. ఎక్కడివక్కడ పెట్టేద్దాం. ఇప్పుడే. ఆ సీసాలన్నీ తీసి అవతల పడేసి, పాత డబ్బాల్లోకి… అయ్యో, డబ్బాలు! ఒరేయ్, ఆ డబ్బాలన్నీ గోనెసంచిలో కట్టి పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నాను కదరా! సోమవారం వస్తాడన్నారు! వచ్చాడా? తీసుకెళ్ళిపోయాడా? ఎక్కడుంటాడో కనుక్కో, నేనిస్తాను ఎంతడిగితే అంత, నువ్వు బండి తీసి…

… ఏంటి?

… ఇవ్వలేదా?

… బాల్కనీలో… బకెట్ వెనకాల… దుప్పటి కప్పి.

… నేను చూస్తే కోప్పడతానని దుప్పటి కప్పిందా. … ఆ పిల్లకి ఫోనివ్వు. … వద్దులే, వద్దు. ఏం మొహం పెట్టుకుని మాట్లాడతాను. తర్వాత మాట్లాడతాను. "మీ వదిన ఏడ్చింది" అని చెప్పు. పోనీ, చెప్పకు.

సంచి తీసుకురా. ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద పెట్టు, నీకు రెండు చేతులూ కావాలి. శబ్దం చెయ్యకు. నాకన్నీ గుర్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ తిట్టుకుంటూ దించాను కదా, అన్నీ గుర్తున్నాయి.

… తెచ్చావా? ముందు టీ డబ్బా. పడవ బొమ్మది. … ఆ, అదే. ఒక పక్క సొట్ట ఉంటుంది చూడు. స్టవ్‌కి కుడిపక్కన, గోడకి ఆనించి పెట్టు. సొట్ట ఇటు రావాలి, మనిషి వైపు. … ఎందుకో నాకూ తెలీదు, అలాగే ఉండేది. … ఏదీ, చెయ్యి పెట్టి చూడు.

… బొటనవేలు సరిగ్గా అందులో కూర్చుందా.

… …

ఆవిడ వేలికి అదే గుర్తురా. నేను సొట్టబోయిన డబ్బా అనుకున్నా.

తర్వాత… పంచదార. పొట్టి డబ్బా, దాని వెనక. ఉప్పు డబ్బా కూడా అచ్చం అలాంటిదే, అది ఎడమపక్కకి. … ఎడమే. కుడిచేత్తో గరిటె తిప్పుతుంది కదా, ఎడం చేత్తో ఉప్పు వేస్తుంది. నవ్వాను నేను, పంచదార తూర్పున, ఉప్పు పడమట, మధ్యలో మంట, ఇదేం కాపురం అని.

ఆగు, పంచదార డబ్బాకి రబ్బరు బ్యాండు ఉండాలి. రెండు చుట్లు. … నేను తీసి పడేశాను, చెత్తలా ఉందని. రబ్బరు బ్యాండు తగిలితే పంచదార, తగలకపోతే ఉప్పు. ఇప్పుడు తెలుస్తోంది. ఏదో ఒకటి వెయ్యి. … మీ ఆవిడ జడదా? వేసెయ్, ఇంకోటి కొనిస్తాను.

కారం పాలపొడి డబ్బా. కింది అర, వెనగ్గా. … అంత వెనక ఎందుకంటే… నీ కోసం అనుకుంటా. చిన్నప్పుడు కారం డబ్బాలో చెయ్యి పెట్టి కళ్ళు నలుపుకున్నావు కదా, ఇల్లంతా ఎగిరావు. ఆ రోజు నుంచీ వెనక్కి పోయింది. ఎన్ని ఇళ్ళు మారినా అక్కడే. … నవ్వావా? పోన్లే, నవ్వావు.

అగ్గిపెట్టె? … మీది బటన్ స్టవ్వే కానీ, ఆవిడకి పక్కన అగ్గిపెట్టె ఉండాలి. ఖాళీదైనా సరే. మసిగుడ్డ కిటికీ పక్క మేకుకి. నేను ఉతికి మడతపెట్టాను, సొరుగులో చూడు. … ఆ. చీటీలు పీకి చించెయ్. ఆ సీసాలు నేను తీసుకెళ్ళి… ఏమైనా చేసుకుంటాను.

ఆదివారం వచ్చి నేనే సరిచూస్తాను అన్నీ. సెలవు అడుగుతాను.

… …

రావద్దా? ఎందుకని?

… ఏ పిల్ల?

… "ఆ పిల్ల మళ్ళీ వస్తుందా" అని అడుగుతోందా. పొద్దున్నుంచీ… తలుపు గడియ వేయమంటోందా.

… నేనా?

… … …

సరే. సరేరా. ఇప్పుడే రానులే. కొన్నాళ్ళు పోనీ. నీ తప్పేముంది ఇందులో, ఉన్నది ఉన్నట్టు చెప్పావు. మంచికి పోయాను నేను. అమ్మకి సుఖంగా ఉంటుందని… నిజంగానే అనుకున్నానురా. నీకు తెలుసు కదా.

… ఇంకేం మిగిలింది? … టీ వడపోసేదా? కొత్తది కొన్నాను కదా, సొరుగులో… ఆ, పాతదే కావాలి. వంగిపోయిన కాడ ఉన్నది. సంచిలో ఉందా? … ఉంది. అదెక్కడుండేది… ఆగు… అది నేను దించలేదు. అంతకుముందే టీ పెట్టింది కదా, సింకులో ఉంది. నాకు తెలీదురా. నీకు? … మీ ఆవిడకి? … ఎవరికీ తెలీదా? అన్నీ పెట్టి అది లేకపోతే… చేతికి అది అందకపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

… ఏంటా చప్పుడు? … లేచిందా? … గుమ్మంలో ఉందా? ఎలా చూస్తోంది? … నాకివ్వు. ఆవిణ్ణే అడుగుతాను. భయపడదులే, గొంతే కదా. ఇవ్వు.

… …

అమ్మా. నేను. పెద్దదాన్ని. … పెద్దమ్మాయినే అమ్మా, నేను…

… …

కాదండి. పొరపాటు పడ్డాను. మీ అబ్బాయికి తెలిసినవాళ్ళమండి. … ఆ, బాగున్నామండి. మీరు?

ఏం లేదండి, చిన్న మాట అడుగుదామని. మీరు టీ వడపోసేది కడిగాక ఎక్కడ పెడతారు? … కిటికీ చువ్వకా… ఎండ తగిలేట్టు. … ఆ, నిజమే, తడిగా ఉంటే వాసనొస్తుంది. నాకు తోచనే లేదండి. మా ఇంట్లో ఎవరూ… ఆ, ఇప్పుడు నేర్చుకుంటాను.

… ఎవరండీ? … ఒక పిల్ల వచ్చిందా. మీ వంటింట్లోకి. … స్టూలెక్కిందా. … చెప్తే వినలేదా. … ఊఁ… ఊఁ… చూడటానికి మంచిపిల్లలాగే ఉందా.

… పాపం అంటారేంటండీ, అంత పని చేసినదాన్ని. … తినలేదా. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా ఎక్కడం దిగడమేనా. … మీరు టీ ఇచ్చారా ఆ పిల్లకి? … ఇచ్చారా. తాగింది కదండీ? … చాలా బాగుండి ఉంటుంది. మీరిస్తే.

… మీ అమ్మాయికా? … చెప్పగలనండి. ఏ మందుల షాపు?… ఆ, తెలుసు. ఆ షాపులో పొడుగ్గా… ఎప్పుడూ సర్దుతూ ఉంటుంది, ఆవిడేనా? తెలుసండి. రోజూ చూస్తాను.

… చెప్తాను. "మీ అమ్మ డబ్బాలన్నీ ఎవరో తీసుకుపోయారు" అని చెప్తాను. … అవునండి, ఊరుకోదు. వచ్చి ఆ పిల్లని నాలుగు తిట్టి పంపించేస్తుంది. … మీ అమ్మాయి ఉండగా మీ వంటింట్లో ఎవరైనా చెయ్యి పెడతారా.

… కోపం ఎక్కువే అండి తనకి. మనసు మంచిదంటారా… ఏమో, మీకే తెలియాలి.

… వస్తుందండి. రమ్మన్నారని చెప్తాను. తప్పకుండా వస్తుంది.

… ఆ, వెళ్ళండి, వెళ్ళండి. మీ పని చూసుకోండి.

… హలో? … హలో అండీ?

… గట్టు మీద పెట్టేసినట్టుంది. చిన్నోడా, ఉన్నావా? … ఉష్! మాట్లాడకు. కట్ చెయ్యకు. నువ్వు ఏమీ అందించకు, గుమ్మంలోనే ఉండు.

… …

… నీళ్ళు పట్టింది.

… … …

— ఎవరండీ? … లోపలికి రండి, మందుల చీటీ అక్కడ పెట్టండి. —

… …

కీచుమంది.

— ఇస్తానండి, ఒక్క నిమిషం ఆగండి. … మా అమ్మ టీ పెడుతోంది.